‘ఎందుకైనా మంచిది’ బరువెంత?

సంపాదకులు గారికి,

నమస్కారం. గుడారం ప్రయాణాల మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాసినవారికి ఆ పని మీద ఇష్టం ఉంది, అనుభవమూ ఉంది. పేచీ పెట్టుకోవాలని కాదు గానీ, మొదటి సలహా దగ్గరే నాకు కాలు ఆగిపోయింది. ముందు అరవై లీటర్ల మంచి బ్యాక్‌ప్యాక్ ఒకటి కొనుక్కోవాలట. ఆ తరవాత అందులో సర్దుకోవలసిన 38 వస్తువుల జాబితా. ఏమేం తీసుకెళ్లాలో తేలకముందే వాటిని పట్టే సంచి ఎంతుండాలో ఎలా తేలింది? పాదం కొలవకుండా చెప్పులు కొన్నట్టు లేదూ!

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఇరవై ఆరేళ్లుగా సంచులు కుడుతున్నాను. కొత్తవి కుట్టడం తక్కువ, చిరిగినవి బాగుచెయ్యడం ఎక్కువ. బ్యాక్‌ప్యాకులు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది రెండు జబ్బులతో. భుజం పట్టీ సంచికి కలిసే మొదట్లో పీక్కుపోవడం ఒకటి, జిప్పు పళ్లు విడిపోవడం ఇంకొకటి. రెండింటి మూలమూ ఒకటే, పట్టేదానికంటే ఎక్కువ కుక్కడం. బట్ట నాసిరకం అని అందరూ తిట్టుకుంటారు. చాలాసార్లు బట్ట తప్పేమీ ఉండదు.

ఇంకో సంగతి చెప్పాలి. సంచి బాగుచెయ్యమని ఇచ్చేవాళ్లలో సగంమంది జేబులు ఖాళీ చెయ్యరు. కుట్టేముందు నేనే అన్నీ తీసి ఒక డబ్బాలో పెట్టి, పని అయ్యాక తిరిగి ఇస్తాను. ఆ డబ్బాలో ఏం పడతాయో చూస్తే మనుషుల భయాలు తెలుస్తాయి. రెండో టార్చి, ఆ రెండో టార్చికి వేరే బ్యాటరీలు, సీలు తియ్యని దూది కట్ట, మూడు లైటర్లు, ఎప్పుడో అమ్మేసిన గుడారం తాలూకు ఇనప మేకులు, మడత విప్పని గొడుగు. ఒకాయన సంచి అడుగున తాళం కప్ప దొరికింది, తాళంచెవి లేదు. ‘ఇది ఎందుకండీ?’ అంటే ‘ఎందుకైనా మంచిదని పెట్టానమ్మా’ అన్నారు. నా లెక్కలో బ్యాక్‌ప్యాక్‌లో అన్నిటికంటే బరువైన వస్తువు ఈ ‘ఎందుకైనా మంచిది’. దాన్ని ఏ త్రాసూ తూచదు, ఏ జాబితాలోనూ రాయరు. సంచిలో చోటు ఉన్నంతకాలం అది వచ్చి కూర్చుంటూనే ఉంటుంది.

నేను సంచి లేకుండా వెళ్తాను. ఆరేళ్లయింది ఇలా మొదలుపెట్టి. నడుంచుట్టూ వెడల్పాటి పట్టీ, దాన్ని జారనివ్వకుండా పట్టుకునే రెండు భుజం పట్టీలు, ఆ నడికట్టుకి తగిలించిన నాలుగు చిన్న సంచులు, రెండు నీళ్ల సీసాలు, వెనక పడక సామాను చుట్టి కట్టిన ఒక చుట్ట. ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు బయట పడుకోవడానికి ఇంతకు మించి నాకు అవసరం పడలేదు. సైనికులు దీన్ని వెబ్బింగ్ అంటారు, హార్నెస్ అనీ అంటారు. నా దృష్టికి ఇది నవారు పని. నవారు మంచం అల్లినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఇది నా దగ్గరికి వచ్చిన తీరు చెప్తాను. ఒక పెద్దాయన పాత మిలిటరీ హార్నెస్ తెచ్చారు, ఒక పట్టీ కొసన ఇత్తడి మూత ఊడిందని. నూలు నవారు, ఇత్తడి బకిళ్లు, పట్టీ లోపలివైపు నల్ల సిరాతో 1942 అని అచ్చు. వయసులో నాకంటే చాలా పెద్దది. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. భుజం మీద పడే చోట పట్టీ రెండంగుళాల వెడల్పు, కొసలకి వచ్చేసరికి అంగుళం. ఎక్కడ కత్తిరించి ఎక్కడ కలిపారా అని కుట్టు కోసం వెతికాను. కుట్టు లేదు! వెడల్పు నేతలోనే తగ్గుతూ వచ్చింది. మగ్గం మీదే సన్నం చేశారు. కుట్టు లేని చోట తెగడానికి ఏముంటుంది? ఆ సాయంత్రం వేరే పని ముట్టుకోలేదు.

మూత బిగించి మేకుకి తగిలించాను. ఆయన మళ్లీ రాలేదు. నెలలు గడిచాక ఒక రోజు దుమ్ము దులుపుతూ ఊరికే వేసుకుని చూశాను. రెండు నీళ్ల సీసాలు తగిలించాను. ఇల్లంతా తిరిగాను, మెట్లు ఎక్కాను, దిగాను. రెండు కిలోలు ఒంటి మీద ఉన్న సంగతే మరిచిపోయాను. అప్పుడు టేపు తీసి కొలతలు రాసుకుని, అసలుదాన్ని మళ్లీ మేకుకే వేసి, దాని పోలికలో నా ఒంటికి ఒకటి కుట్టుకున్నాను. మొదటిసారి అది వేసుకుని బయల్దేరుతుంటే మా అమ్మాయి గుమ్మంలో అడ్డంగా నిలబడి, ‘ఏంటమ్మా ఇది, యుద్ధానికా?’ అంది. ‘కాదే, నిద్రకి’ అన్నాను.

ఆ తరవాతే దాని పుట్టుపూర్వాలు చదివాను. బ్రిటిష్ సైన్యం అంతకుముందు తోలు పట్టీలు వాడేది. తోలు తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుసుకుంటుంది, ఆ బాధ నాకు బాగా తెలుసు. మిల్స్ కంపెనీ నేసిన దళసరి నూలు నవారుతో బరోస్ అనే మేజర్ ఒక ఏర్పాటు తయారుచేస్తే 1908లో సైన్యం దాన్ని తీసుకుంది. ఎడమవైపు 75, కుడివైపు 75, మొత్తం 150 తూటాలు. అందులో నాకు నచ్చింది తూటాలు కాదు, ఆ సగం సగం. మొత్తం ఏర్పాటును కోటు విప్పినట్టు ఒక్కసారిగా విప్పి పక్కన పెట్టొచ్చు, మళ్లీ అలాగే తొడుక్కోవచ్చు. నా మేకుకి వేలాడుతున్నది దాని వారసత్వమే, 1937 నమూనా. అమెరికా వాళ్లు 1956లో తెచ్చిన దాంట్లో నడికట్టు వెనక ఒక చిన్న సంచి ఉంటుంది, పడకచుట్ట వేలాడదీసే పట్టీలు విడిగా ఉంటాయి. ఆ చిన్నసంచికి సైనికులు పెట్టుకున్న పేరు కూర్చునే భాగం మీద ఉంది కాబట్టి, మర్యాదగా నేను వెనకసంచి అంటాను. తడిస్తే బరువెక్కే నూలు పోయి, 1973లో అమెరికా సైన్యంలోకి వచ్చిన ఆలిస్ అనే ఏర్పాటు నాటికి నైలాన్ నిలదొక్కుకుంది. భుజాల మీద ఉండే భాగాన్ని బ్రిటిష్ వాళ్లు ఏమంటారో తెలుసా? కాడి. వాళ్ల భాషలో ఎద్దు మెడ మీది కాడికీ, మనిషి భుజాల మీది ఈ పట్టీలకీ ఒకటే మాట.

సరే, అసలు విషయం. వీపు మీది సంచి మనిషిని వెనక్కి లాగుతుంది. పడిపోకుండా ఉండటానికి మనం నడుం దగ్గర ముందుకు వంగుతాం, మెడ మాత్రం పైకెత్తి దారి చూస్తాం. రోజంతా అలా నడిచినవాళ్లకి సాయంత్రం ఎక్కడ నొప్పి పెడుతుందో నేను చెప్పక్కర్లేదు. బరువు ఒంటికి ఎంత దగ్గరగా, ఎంత చుట్టూ పంచి ఉంటే అంత తక్కువ వంగుతాం. 1971లో దత్తా, రామనాథన్ అనే ఇద్దరు పరిశోధకులు బరువు మోసే ఏడు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి కొలిచారు. తల మీద, వీపు మీద, కావడిలో, చేతుల్లో, ఇలా. ముందు సగం, వెనక సగం పంచుకుని మోసినప్పుడు ఒంటికి పడిన శ్రమ అన్నిటికంటే తక్కువ. చేతుల్లో పట్టుకుని మోసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ. నా నడికట్టు అచ్చంగా ముందూ వెనకా పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. కానీ బరువంతా ఒక పక్కకి పోకుండా చుట్టూ కూర్చోవడం అనే కిటుకు ఒకటే.

రెండోది భుజాలు. మా తమ్ముడు పద్దెనిమిది కిలోల సంచితో మూడు రోజుల నడకకి వెళ్లి, రెండో రోజుకి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి కప్పు కూడా పట్టుకోలేకపోయాడు. భుజం మీదుగా చేతిలోకి దిగే నరాలు పట్టీ కింద నలిగితే అలా అవుతుందని డాక్టరు చెప్పారట. దానికి రక్‌శాక్ పాల్సీ అని పేరే ఉంది. వారాల్లో సర్దుకుంది గానీ భయపడ్డాడు. న్యాయంగా చెప్పాలంటే మంచి బ్యాక్‌ప్యాకులకి నడుంపట్టీ ఉంటుంది, సరిగ్గా కట్టుకుంటే బరువులో ఎక్కువ భాగం తుంటి మీదికే దిగుతుంది. మా వాడు దాన్ని కట్టుకోకుండా రెండు పక్కలా వేలాడదీసుకుని నడిచాడు. ‘నడుం బిగించరా’ అని చిన్నప్పట్నించీ చెప్తూనే ఉన్నాను, చదువు విషయంలోనే అనుకున్నాడు కాబోలు.

కట్టుకోవడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, మీ వ్యాసంలో లేనిది ఇదే కాబట్టి. నడికట్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముక పై అంచు మీద కూర్చోవాలి. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని పోట్లాటకి నిలబడితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా తగిలే ఎముక ఉంటుందే, అదే. ఒట్టి నవారు ఆ ఎముకని కోసేస్తుంది. అందుకని లోపలివైపు ఎనిమిది మిల్లీమీటర్ల మందం నురగ (ఫోమ్) ముక్కని పలచటి బట్టలో పెట్టి కుట్టాను, నాలుగున్నర అంగుళాల వెడల్పుతో. భుజం పట్టీల కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. అవి మొయ్యడానికి కాదు, నడికట్టు జారకుండా చూడటానికి. భుజం పట్టీలు బిగిసి ఉన్నాయంటే నడికట్టు వదులుగా ఉన్నట్టే.

మిలిటరీ పట్టీలు మగవాళ్ల ఛాతీకి కుట్టినవి. నాకు తిన్నగా కిందికి దిగితే ఒరుసుకునేవి. అందుకని ముందువైపు పట్టీలని కొంచెం పక్కకి, చంక దగ్గరికి జరిపి నడికట్టుకి కలిపాను. వెనక రెండూ మెడ కింద ఒకటై, అక్కణ్ణించి ఒకే పట్టీగా దిగుతాయి. ఆడవాళ్లు కుట్టించుకుంటే ఈ ఒక్క మార్పూ మరిచిపోవద్దు.

ఇక ఏది ఎక్కడ. బొడ్డు ఎదురుగా బకిల్ తప్ప ఏమీ ఉండకూడదు. తొడల మీద పడేలా ఏమీ ఉండకూడదు, ఎత్తు ఎక్కేటప్పుడు మోకాలు తగులుతుంది. వెన్నెముక నడిమధ్య గట్టి వస్తువు పెట్టకూడదు, వెల్లకిలా పడితే అది మనకంటే ముందు నేలని తాకుతుంది. నీళ్లు తుంటికి కొంచెం వెనకగా, అటొకటి ఇటొకటి. ఊగే చేతులు వాటికి కొట్టుకోకూడదు. నా మొదటి కూర్పులో కొట్టుకునేవి, మధ్యాహ్నానికి మణికట్టు దగ్గర కమిలింది. ఒక లీటరు నీళ్లంటే ఒక కిలో. ఒక సీసాలోవే తాగుతూ పోతే సాయంత్రానికి మనిషి ఒక పక్కకి ఒరుగుతాడు. కుడి సీసాలో నాలుగు గుక్కలు, తరవాతిసారి ఎడమ సీసాలో నాలుగు గుక్కలు. ఇది అలవాటయ్యేదాకా మా అమ్మాయి నవ్వుతూనే ఉంది.

అన్నీ తగిలించాక ఇంట్లోనే గొంతుక్కూర్చుని లేవండి. వంగి రెండు చేతులూ నేలకి ఆనించండి. ఒక కాలు కుర్చీ మీద పెట్టి ఎక్కండి. ఏది గుచ్చుకుంటే దాన్ని జరపండి. జరిపినా గుచ్చుకుంటే ఇంట్లో వదిలెయ్యండి.

నేను మోసేది ఎంతో చెప్తాను. వంటింటి త్రాసు మీద విడివిడిగా తూచి నోటుపుస్తకంలో రాసుకున్నవే. ఖాళీ హార్నెస్, సంచులతో కలిపి 1,400 గ్రాములు. ఇది తక్కువేం కాదు, పలచటి సంచి ఒకటి ఇంతకంటే తేలిగ్గా దొరుకుతుంది. గుడారం బదులు పైన కట్టుకునే టార్పు (టార్పాలిన్ గుడ్డ), తాళ్లతో సహా 650. కింద పరుచుకునేది 200. నేనే కుట్టుకున్న పలచటి దుప్పటి 700. దోమతెర 250. వాన కోటు, ఉన్ని టోపీ, మేజోళ్లు కలిపి 420. రెండు లీటర్ల నీళ్లు సీసాలతో 2,100. వండక్కర్లేని ఎండు తిండి 900. మగ్గు, తలటార్చి, గాయాలకి మందులు, చాకు, సూదీ దారం, నీళ్లలో వేసే బిళ్లలు, ఫోను, గుంట తవ్వే చిన్న తాపీ, అన్నీ కలిపి 800 దాకా. మొత్తం ఏడున్నర కిలోలకి కొంచెం తక్కువ. అందులో మూడు కిలోలు నీళ్లూ తిండే, అవి నడుస్తున్నకొద్దీ తగ్గిపోయేవి. పొయ్యి లేదు. రెండు రోజులు చల్లటి తిండి తింటే ఎవరికీ ఏమీ కాదు. కానీ ఈ మాట మీద నాతో గొడవపడేవాళ్లు ఉంటారని తెలుసు, పడండి.

జాబితా కుదించింది నా తెలివి కాదు, నడికట్టే. నాలుగు సంచులు నిండాయి, ఐదోది తగిలించడానికి చోటు లేదు. రెండో టార్చి పెట్టాలంటే దేన్నో తియ్యాలి. ఏది తియ్యాలి అని చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు తెలుస్తుంది, ఆ రెండో టార్చి చీకటికి కాదు, మన మనసుకి అని. అరవై లీటర్ల సంచి ఆ ప్రశ్న వెయ్యదు. రండి రండి అంటుంది.

ఇప్పుడు నా పరువు తీసే భాగం. రెండో ప్రయాణంలో, ఒక దిగుడు మీద, మసక చీకట్లో, ఎడమ భుజం పట్టీ వెనక కొస పుటుక్కున ఊడిపోయింది. నడికట్టు ఒక పక్కకి ఒరిగి తొడల మీదికి జారింది, నీళ్ల సీసా ఒకటి దొర్లుకుంటూ పోయింది. చెట్టు పట్టుకోబట్టి సరిపోయింది. ఇరవై ఏళ్లుగా జనం సంచులు కుట్టిన నేను, నా ఒంటి మీదిది ఊడగొట్టుకున్నాను! టార్చి వేసి చూస్తే దారం తెగలేదు. నవారే తెగింది, కుట్టు వెంబడి, స్టాంపు చింపినంత శుభ్రంగా. తప్పు నాదే. గట్టిగా ఉండాలని పట్టీకి అడ్డంగా, ఒకే గీత మీద, నాలుగైదుసార్లు మిషన్ నడిపాను. సూది పొడిచిన ప్రతి చోటా పోగులు దెబ్బతింటాయి. అడ్డంగా ఒకే వరసలో అన్ని రంధ్రాలు చేస్తే అది కుట్టు కాదు, చిల్లుల గీత. బరువు లాగే దిక్కు వెంబడే కుట్టు పోవాలి, చతురస్రం కుట్టి దాని లోపల ఇంటూ గుర్తు వెయ్యాలి. ఈ సంగతి నేను నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకి చెప్పిందే. ‘మోసేవాడికి తెలుసు కావడి బరువు’ అంటారు. కుట్టేదానికి తెలియాలంటే మోసి చూడాల్సి వచ్చింది.

ఆ రాత్రి సూదీ దారంతో చేత్తోనే కుట్టుకుని పడుకున్నాను. ముప్ఫై గ్రాముల సూదీ దారం అప్పట్నించి నా జాబితాలో పైకి వెళ్లింది. ఇంటికొచ్చాక నైలాన్ దారం, పద్దెనిమిదో నంబరు సూది పెట్టి అన్ని కీళ్లూ మళ్లీ కుట్టాను. కోసిన ప్రతి కొసా మంట చూపించి కరిగించాను, పోగులు విడిపోకుండా. బకిల్‌లోంచి వచ్చే కొసని రెండు మడతలు వేసి కుట్టాను. నున్నటి నైలాన్ తడిస్తే మెల్లగా జారుతుంది, ఆ మడత బకిల్ దగ్గర అడ్డుపడుతుంది.

ఇంకో పొరపాటు వానలో జరిగింది. సంచికి ఒక గోడ ఉంటుంది, దాని చాటున అన్నీ ఉంటాయి. హార్నెస్‌కి చాటు లేదు. వెనక చుట్టిన దుప్పటి రెండు గంటల వానకి నీళ్లు తాగి అడుగడుక్కీ వెనకనించి తంతున్నట్టు కొట్టింది. ఆ రాత్రి ఉన్న బట్టలన్నీ వేసుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. ఇప్పుడు దుప్పటి నీళ్లు దూరని సంచిలో పెట్టి, దాని మీద టార్పు చుట్టి, చుట్ట రెండు వైపులా రెండు పట్టీలతో నడికట్టుకి బిగిస్తాను, ఊగకుండా. చుట్ట పొడవు నా ఒంటి వెడల్పు దాటదు. దాటితే ఇరుకు బాటలో ప్రతి పొదా పలకరిస్తుంది.

వాగు దాటేటప్పుడు మాత్రం బకిల్ తీసేస్తాను. పడితే ఒక్క భుజం విదిలించగానే అంతా ఊడి పోవాలి. సంచి వేసుకున్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, మీ వ్యాసంలో ఇది రాయాల్సింది.

హార్నెస్ దేనికి పనికిరాదో కూడా నేనే చెప్పేస్తాను, ఎవరో చెప్పేముందు. గట్టి చలిలో పనికిరాదు. చలికి కావాల్సిన పడకసంచి ఉబ్బుగా ఉంటుంది, నడికట్టుకి అది బొంగరానికి దిండు కట్టినట్టు. నీళ్లు దొరకని దారుల్లో పనికిరాదు, నాలుగు లీటర్లు నడుంచుట్టూ పెట్టుకుంటే గర్భిణి నడక వస్తుంది. పది కిలోలు దాటితే సంచే మేలు, నేను పదికి కూడా వెళ్లను. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి కుదరదు, వాళ్ల సామాను కూడా మనమే మొయ్యాలి కాబట్టి. కుర్చీలో ఆనుకుని కూర్చోలేం, బండిలో కూర్చోవాలంటే అంతా విప్పాలి. కాలకృత్యాలకీ అంతే. చెమట పట్టిన రోజున నురగ కింద చర్మం ఎర్రబడుతుంది, సాయంత్రం కడిగి ఆరబెట్టుకోకపోతే మర్నాడు కట్టుకోవడం నరకం. కానీ వీపు మాత్రం రోజంతా గాలికి ఉంటుంది. ఆ ఒక్క సుఖానికే మళ్లీ మళ్లీ వెళ్తున్నాననుకుంటా.

రంగు విషయంలో ఒక మాట. మిలిటరీ మచ్చల బట్ట జోలికి పోకండి. బార్బడోస్, జమైకా లాంటి దేశాల్లో మామూలు మనుషులు ఆ మచ్చల బట్టలు కట్టుకోవడం నేరం. చట్టం లేని చోట కూడా, చెట్ల మధ్య ఛాతీ మీద పట్టీలతో ఎదురుపడే మనిషిని చూసి ఎవరికి ముచ్చటేస్తుంది? నాది ఇటుకరంగు. దూరం నించి కూలిమనిషిలా కనిపిస్తానని మా తమ్ముడి వెక్కిరింత. పర్లేదు, అదే మంచిది.

సామాను ఒంటికి కట్టుకుని వెళ్లడం నేనేదో కొత్తగా కనిపెట్టానని అనుకోకండి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన అయిదువేల మూడువందల ఏళ్లనాటి మనిషి నడుముకి తోలు పట్టీ ఉంది, దానికి కుట్టిన చిన్న సంచీ ఉంది. అందులో చెకుముకి రాతి పనిముట్లు, ఎముక దబ్బనం, నిప్పు రాజేసుకునే ఎండు పుట్టగొడుగు. ఒంటిని వదలకూడనివి నడుముకి పెట్టుకున్నాడన్నమాట. అమెరికా అంతర్యుద్ధంలో చాలామంది సైనికులు ఇచ్చిన వీపుసంచిని దారిలో పారేసి, దుప్పటిలోనే సామాను చుట్టి, రెండు కొసలూ కలిపి కట్టి, దండలా భుజానికి వేసుకుని నడిచారు. వాళ్లకెవరూ తక్కువ సామాను సిద్ధాంతం చెప్పలేదు, కాళ్లే చెప్పాయి.

నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి ఎమ్మా గేట్‌వుడ్. 1955లో, అరవయ్యేడేళ్ల వయసులో, ఒంటరిగా, అమెరికాలో అపలాచియన్ బాట మొదలునించి చివరిదాకా నడిచింది. మూడువేల కిలోమీటర్లకి పైమాటే. కాళ్లకి గుడ్డ బూట్లు. భుజాన తనే డెనిమ్ బట్టతో కుట్టుకున్న ఒక మూట. వానకి స్నానాల గది తెర. ఆవిడది హార్నెస్ కాదు, ఒంటి భుజం మీది మూట, కుట్టుపనిదానిగా నేనయితే అలా కుట్టను. కానీ ఏం కావాలో ముందు తేల్చుకుని, దానికి సరిపడా సంచి తరవాత కుట్టుకున్నట్టుంది చూశారా, నా గొడవంతా ఆ వరస గురించే.

అందుకని మీకు ఒక విన్నపం. వ్యాసం రాసినవారిని జాబితా మార్చమని అడగను, అది వారి ఇష్టం. ఈసారి వేసేటప్పుడు ప్రతి వస్తువు పక్కనా దాని బరువు గ్రాముల్లో వెయ్యండి, అడుగున మొత్తం కూడి వెయ్యండి. ‘మంచి టార్చి, రెండు’ అని కాకుండా ‘టార్చి, 90 గ్రాములు, ఇంకో టార్చి, 90 గ్రాములు’ అని వెయ్యండి. 38 వస్తువులకీ అలా వెయ్యడానికి మీ పేజీలో చోటు చాలకపోతే, ఆ సంగతి కూడా పాఠకులకి చెప్పండి.

ఇంకొక్క మాట, ఇది మీ పేజీకి సంబంధించింది కాదు, మీరు కొట్టేసినా ఏమీ అనుకోను. ఆ పెద్దాయన మీ పత్రిక చదువుతారేమో అని ఆశ. అయ్యా, మీ హార్నెస్ భద్రంగా ఉంది. ఇత్తడి మూత బిగించి ఉంచాను. బకిళ్లు ప్రతి నెలా తుడుస్తున్నాను. కుడి పట్టీ కొస దగ్గర పోగు ఒకటి లేచి ఉంటే, మీరు చెప్పకపోయినా, లోపలికి తోసి సరిచేశాను. ఎప్పుడొచ్చినా తీసుకెళ్లొచ్చు.

ఇట్లు,
సంచులు కుట్టే ఒక పాఠకురాలు